కథానాయకుడికి చేతకాని పని

1957లో విడుదలైన ‘మాయాబజార్’ పాండవుల ఇంటి పెళ్లి కథే అయినా అందులో పాండవులు ఒక్కరు కూడా తెరమీద కనిపించరు. వారు జూదంలో రాజ్యం పోగొట్టుకున్నారన్న వార్త వినబడుతుంది, ఆ వార్తతోనే ద్వారకలో బంధువుల మనసులు మారిపోతాయి, కానీ ధర్మరాజు గానీ భీమార్జునులు గానీ కథలోకి రారు, రాలేదన్న లోటు ప్రేక్షకుడికి తోచదు కూడా. ఇక నాయికా నాయకులైన శశిరేఖా అభిమన్యులకు ప్రేమించుకోవడం చేతనవును గానీ తమ పెళ్లి తాము జరిపించుకోవడం చేతకాదు. కృష్ణుడికి అన్నీ తెలుసు, అన్నీ చేయగలడు, అయినా అన్నగారిని ఎదురుగా నిలబడి ధిక్కరించడం ఆయన మర్యాదకు పొసగదు. ఒకరికి శక్తి లేక, మరొకరికి వీలు లేక ఆగిపోయిన ఈ పనిని ముందుకు నడపడానికి అడవిలోంచి ఘటోత్కచుడు వస్తాడు. అయితే అతను ఊరికే సాయం చేసిపోయే మనిషి కాడు. తన ఎల్లలో ఎవరు అడుగుపెట్టినా ముందు యుద్ధం చేసి తరువాత పేరడిగే రకం, తండ్రి వైపు వారికి జరిగిన అవమానాన్ని తన అవమానంగా తీసుకున్న కొడుకు, కౌరవులను ఏడిపించడంలో తనకంటూ ఒక సరదా ఉన్నవాడు.

ఆ పాత్ర ఎంత బలంగా కట్టినదో తెలియాలంటే ఎస్వీ రంగారావు లేని సన్నివేశాలనే చూడాలి. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించిన తరువాత తెరమీద ఉన్నది సావిత్రి. ఆమె మెడ విరుపులోనూ నడకలోనూ చూపులోనూ ప్రేక్షకుడు అప్పటిదాకా చూసిన రాక్షసుణ్ణి వెంటనే గుర్తుపడతాడు. ఒక సహాయ పాత్ర తన నటుడి శరీరాన్ని వదిలి కథానాయిక శరీరంలోకి వెళ్లి కూడా అదే పాత్రగా మిగిలిందంటే, దాని బలమంతా నటుడి ఆకారంలోనే ఉందని అనలేము. రాతలో ఏదో ఉంది. ఆ ఏదో ఏమిటన్నదే ఈ వ్యాసం విషయం. దానిని సినిమాలతో పాటు వీడియో గేముల్లో కూడా వెతకడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే సినిమాలో నటుడి ప్రతిభ కింద కప్పబడి ఉండే లోపాలు గేములో ఆటగాడి చేతికి నేరుగా తగులుతాయి.

సహాయ పాత్రల గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా నటన గురించే మాట్లాడుతాము. పురస్కారాలు కూడా ఆ అలవాటునే పెంచాయి. ఆస్కార్ అవార్డుల్లో ఉత్తమ సహాయ నటుడు, ఉత్తమ సహాయ నటి అన్న విభాగాలు 1937లో జరిగిన తొమ్మిదవ ఉత్సవం నుంచి ఉన్నాయి. మొదటి కొన్నేళ్లు ఆ విజేతలకు అందరితో సమానమైన ప్రతిమ కాక ఒక చిన్న ఫలకం మాత్రమే ఇచ్చేవారు. మన జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఈ విభాగాలు 1984 నాటి చిత్రాలతో మొదలయ్యాయి. ఇవన్నీ పాత్ర ధరించినవారికి ఇచ్చే గౌరవాలు. పాత్రను కట్టిన తీరు బాగుందా లేదా అన్న ప్రశ్నకు వీటిలో జవాబు దొరకదు. విమర్శకులు ఆ ప్రశ్న వేసినప్పుడు తరచుగా వచ్చే జవాబు ‘లోతు’ అన్న మాట. పాత్రకు లోతు ఉండాలి, గతం ఉండాలి, మార్పు ఉండాలి అంటారు. కానీ మనం ఏళ్ల తరబడి గుర్తుంచుకున్న సహాయ పాత్రల్లో చాలావాటికి చెప్పుకోదగ్గ గతం లేదు, మార్పు అసలే లేదు.

నాకు కనబడేది రెండు షరతులు. మొదటిది, కథానాయకుడికి చేతకానిది, తెలియనిది, లేదా అతను పైకి అనలేనిది ఒకటి ఉండాలి, ఆ ఖాళీలో ఈ పాత్ర నిలబడాలి. రెండవది, ఆ ఖాళీ పూరించడానికి ఈ పాత్రకు తనదైన కారణం ఒకటి ఉండాలి, అది కథానాయకుడి మేలు కోరడం మాత్రమే కాకూడదు. మొదటిది ఉండి రెండవది లేకపోతే ఆ పాత్ర పనిముట్టు అవుతుంది. హీరో పక్కన నిలబడి అతని గొప్పతనాన్ని ఇతరులకు వివరించడం తప్ప మరో బతుకు లేని స్నేహితుల పాత్రలన్నీ ఆ జాబితాలోకే వస్తాయి. రెండవది ఉండి మొదటిది లేకపోతే ఆ పాత్ర సొంతంగా ఎంత బాగున్నా కథ పక్కన మరో కథగా మిగిలిపోతుంది.

ఒక గుణం కనబడాలంటే అది ఎవరి మీదనో పడాలి. జంధ్యాల తీసిన ‘అహ నా పెళ్ళంట’ (1987)లో కోట శ్రీనివాసరావు ధరించిన లక్ష్మీపతి పరమ లోభి. కోడిని కళ్లెదురుగా వేలాడదీసి, దానిని చూస్తూ వట్టి అన్నం తినే సన్నివేశం తెలుగువారందరికీ తెలిసినదే. అయితే ఒంటరి లోభి రెండు మూడు సన్నివేశాల్లో అయిపోతాడు. అతని పిసినారితనం రోజువారీ హింసగా మారాలంటే ఆ హింసను భరించే మనిషి ఒకడు కావాలి, ఆ మనిషికి భరించక తప్పని పరిస్థితి ఉండాలి, లోలోపల తిట్టుకునే స్వేచ్ఛ కూడా ఉండాలి. బ్రహ్మానందం ధరించిన అరగుండు చేసింది ఆ పని. అతనికి గతమేమిటో మనకు అనవసరం. యజమాని మీద అతని కసి మాత్రం నిజమైనది, అది కథలో ఎవరి మేలు కోసమూ పుట్టినది కాదు. ఆ పాత్ర బ్రహ్మానందాన్ని ఆంధ్రదేశమంతటికీ పరిచయం చేసిందంటే, ప్రతిభకు తోడు ఆ స్థానం కూడా కలిసివచ్చింది.

‘శంకరాభరణం’ (1980)లో అల్లు రామలింగయ్య ధరించిన మాధవయ్య దీనికి పూర్తిగా భిన్నమైన ఖాళీని నింపుతాడు. శంకరశాస్త్రి ఎదుట నోరెత్తే ధైర్యం ఊళ్లో ఎవరికీ లేదు, ఆయన తన బాధ తాను చెప్పుకునే మనిషీ కాదు. ఆయనను చనువుగా మందలించగల ఒక్క స్నేహితుడు లేకపోతే, ఆ గంభీర మూర్తి లోపల ఏముందో ప్రేక్షకుడికి చేరే దారి ఉండదు. ‘గుండమ్మ కథ’ (1962) సంగతి మరీ విచిత్రం. అది ఎన్.టి. రామారావుకు 100వ చిత్రం, అక్కినేని నాగేశ్వరరావుకు 99వ చిత్రం. అంత పెద్ద తారలిద్దరూ ఉన్న సినిమాకు సూర్యకాంతం ధరించిన పాత్ర పేరు పెట్టారు. ఆ నిర్ణయం సరైనదే. నాయకులిద్దరూ వేసే ఎత్తులన్నీ ఆమె ఇంటి గడప చుట్టూ తిరుగుతాయి, ఆమె మొండితనమే వారికి పని కల్పిస్తుంది. సొంత కూతురి మీద ఉన్న గుడ్డి ప్రేమే సవతి కూతురి పట్ల కాఠిన్యంగా మారిందన్న సంగతి తెలుస్తూనే ఉంటుంది కాబట్టి ఆమె మీద కోపం వస్తుంది గానీ ద్వేషం రాదు.

ఈ రెండు షరతులూ ఒకదానితో ఒకటి ఢీకొన్నప్పుడు సహాయ పాత్ర ఎంత దూరం వెళ్లగలదో చూపిన ఉదాహరణ కట్టప్ప. ‘బాహుబలి’ మొదటి భాగం 2015 జులై 10న, రెండవ భాగం 2017 ఏప్రిల్ 28న వచ్చాయి. ఆ మధ్యకాలమంతా, బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్న దేశమంతా తిరిగింది. దానిని ప్రచార చాతుర్యమని కొట్టిపారేయడం తేలిక. నిజానికి ఆ ప్రశ్నకు బలం అంతకుముందే నాటిన ఒక చిన్న సన్నివేశంలో ఉంది. అస్లాంఖాన్ అనే విదేశీ వర్తకుడు కట్టప్ప నైపుణ్యానికి ముచ్చటపడి బానిసత్వం నుంచి విడిపిస్తానంటాడు, కట్టప్ప ఒప్పుకోడు. తన పూర్వీకులు మాహిష్మతి సింహాసనానికి ఇచ్చిన మాట తనను కట్టిపడేస్తుందని చెబుతాడు. ప్రేక్షకుడికి అప్పుడది విశ్వాసంగా కనిపిస్తుంది. ఆ విశ్వాసం మనిషి మీద కాదు, సింహాసనం మీద అన్న తేడా అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. రెండవ భాగంలో శివగామి, నువ్వు చంపకపోతే నేనే చంపుతానని చెప్పి అతని ముందు రెండు దారులు పెట్టినప్పుడు, ప్రేమ ఒకవైపూ మాట మరొకవైపూ నిలబడతాయి. అతను ఎత్తిన కత్తి కథ మలుపు కోసం రచయిత ఎత్తించిన కత్తిలా అనిపించదు. ముందుగా చెప్పిన నియమాన్నే ఆ పాత్ర చివరిదాకా పాటించింది.

ఇటువంటి కట్టుదిట్టం తెలుగు సినిమాలో ఎప్పుడూ ఉందని అనలేము. 1990లలో కామెడీ ట్రాక్ అన్నది దాదాపు వేరే చిన్న సినిమాగా నడిచింది. ‘మామగారు’ (1991) తరువాత కోట శ్రీనివాసరావు, బాబూమోహన్ జంటకు వచ్చిన ఆదరణతో నిర్మాతలు ఆ జంట కోసమే సన్నివేశాలు రాయించుకున్నారు. ఆ ట్రాకుల్లో చాలావాటిని తీసేసినా అసలు కథ చెక్కుచెదరదు. అందుకే ఇవాళ అవి విడి ముక్కలుగా ఫోన్లలో హాయిగా నడుస్తున్నాయి. వాటిని చిన్నచూపు చూడవలసిన పని లేదు, నవ్వించడమే వాటి ధర్మం, ఆ ధర్మాన్ని అవి నెరవేర్చాయి. సహాయ పాత్రలని మాత్రం అనలేము, ఎందుకంటే అవి ఎవరికీ సహాయం చేయవు. 2000ల తరువాత శ్రీను వైట్ల చిత్రాల్లో ఈ ట్రాక్ మళ్లీ కథలోకి ఇంకింది. ‘రెడీ’ (2008)లో బ్రహ్మానందం ధరించిన మెక్‌డోవెల్ మూర్తి ప్రతినాయకులకు ఆడిటర్, హీరో వారి ఇళ్లలోకి ప్రవేశించే దారి ఆయనే. తన తెలివి మీద ఆయనకున్న అపారమైన నమ్మకమే ఆయనను మోసపోయేటట్టు చేస్తుంది. ‘దూకుడు’ (2011) దాకా ఆ సూత్రం బాగానే పనిచేసింది. తరువాత వచ్చిన అనుకరణల్లో మోసపోవడానికే పుట్టిన మనిషి ఒకడు మిగిలాడు, అతనికి నమ్మకమూ లేదు, ఆశా లేదు. ప్రేక్షకుడు ముందే పసిగట్టేశాడు.

గేములో పక్కనున్న మనిషి

సినిమాలో సహాయ పాత్ర సరిగా లేకపోతే ప్రేక్షకుడికి కొంత సమయం వృథా అవుతుంది, అంతే. గేములో సహాయ పాత్ర ఆటగాడితో పాటు అదే నేల మీద నిలబడుతుంది. గుమ్మానికి అడ్డు వస్తుంది, తుపాకీ గురికి ఎదురొస్తుంది, నిశ్శబ్దంగా దాక్కోవలసిన చోట పరుగెడుతుంది. ఇంతకుముందు చెప్పిన రెండు షరతులకు ఇక్కడ మూడవది తోడవుతుంది. ఆ పాత్ర కథకూ తన కోరికకూ మాత్రమే కాక, కంట్రోలర్ (ఆటను నడిపే చేతి పరికరం) పట్టుకున్న వ్యక్తి సౌకర్యానికి కూడా జవాబు చెప్పుకోవాలి. ఈ ముగ్గురు యజమానులు అరుదుగా ఏకాభిప్రాయానికి వస్తారు.

ఎస్కార్ట్ మిషన్ అనే మాట గేములు ఆడేవారిలో ఎందుకు తిట్టుపదం అయిందో దీనితో అర్థమవుతుంది. బలహీనుడైన మరొకరిని ప్రాణాలతో గమ్యం చేర్చడం ఆ మిషన్ పని. 2005లో వచ్చిన ‘రెసిడెంట్ ఈవిల్ 4’లో అమెరికా అధ్యక్షుడి కుమార్తె యాష్లీని లియాన్ అనే ఏజెంటు కాపాడాలి. ఆమెకు వెంట రమ్మనో అక్కడే ఆగమనో, కొన్ని చోట్ల దాక్కోమనో మాత్రమే చెప్పగలం. శత్రువులు ఆమెను భుజాన వేసుకుని పారిపోతారు, ఆమెకు దెబ్బలు ఎక్కువ తగిలినా ఆట ముగిసిపోతుంది. ఆ గేము గొప్పదే, ఆ ఉత్కంఠ నిజమైనదే, కానీ ఆటగాడి దృష్టిలో యాష్లీ ఒక మనిషిగా కాక ఒక బాధ్యతగా, ఇంకా చెప్పాలంటే తన తప్పు లేకుండా ఓడించే రెండవ హెల్త్ బార్‌గా (మిగిలిన ప్రాణశక్తిని తెరమీద చూపే గీతగా) మిగిలింది. 2023లో ఆ గేమును తిరిగి నిర్మించినప్పుడు ఆ హెల్త్ బార్‌నే తీసేశారు. ఆమె దెబ్బతింటే కూలబడుతుంది, లియాన్ వెళ్లి లేపాలి. మాటలు కూడా మెరుగుపరిచారు నిజమే, కానీ ఆమె పట్ల ఆటగాళ్ల ధోరణిని మార్చినది ఆ ఒక్క నియమం మార్పేనని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అయితే బలహీనులను కాపాడే పని ఎప్పుడూ విసుగే పుట్టిస్తుందా అంటే, అంతకు నాలుగేళ్ల ముందే, 2001లో, ఫుమితో ఉయెదా రూపొందించిన ‘ఈకో’ కాదని నిరూపించింది. కొమ్ములున్న పిల్లవాడు ఒక పాడుబడిన కోటలో యోర్డా అనే అమ్మాయిని కలుసుకుంటాడు. ఆమె భాష అతనికి రాదు, మనకూ రాదు. ఆమె మెల్లగా నడుస్తుంది, దూరం దూకలేదు, నీడల్లాంటి జీవులు ఆమెను లాక్కుపోతాయి, పూర్తిగా లాక్కుపోతే ఆట ముగుస్తుంది. కాగితం మీద చూస్తే యాష్లీ కంటే పెద్ద భారం. కానీ కోటలో దారి మూసిన రాతి విగ్రహాలు ఆమె దగ్గరికి వస్తేనే తెరుచుకుంటాయి. పిల్లవాడు ఎంత చురుకైనవాడైనా ఆ తలుపులు అతనికి లొంగవు. ఆటను భద్రపరచుకోవాలంటే ఇద్దరూ కలిసి ఒక రాతి ఆసనం మీద కూర్చోవాలి. ఆమె చెయ్యి పట్టుకోవడానికి కంట్రోలర్ మీద ఒక బటన్ ఉంది, దానిని నొక్కి ఉంచినంతసేపే పట్టు నిలుస్తుంది. వదిలితే వేలికి తెలుస్తుంది. సంభాషణ అన్నది దాదాపుగా లేకుండానే మొదటి షరతును నియమాల రూపంలో ఇంత శుభ్రంగా చూపిన గేము మరొకటి నాకు తెలియదు.

ఇక్కడ నా సిద్ధాంతానికి అడ్డం తిరిగే ఉదాహరణ ఒకటి చెప్పక తప్పదు. ‘పోర్టల్’ (2007)లో ఒక దశ మొత్తం ఒకే పెట్టెను మోసుకుపోవాలి. నిర్మాణ సమయంలో ఆడి చూసినవారు ఆ పెట్టెను మాటిమాటికీ ఎక్కడో వదిలేసి వస్తుండడంతో, నిర్మాతలు దాని మీద గుండె బొమ్మ వేసి, అది నీకు తోడు అని ప్రయోగశాలను నడిపే యంత్రం చేత చెప్పించారు. దశ చివర దానిని మంటల్లో పడేయాలి. మాట లేని, కదలిక లేని, ఏ కోరికా లేని ఆ పెట్టెను పడేయడానికి ఎందరో ఆటగాళ్లు బాధపడ్డారు. రెండవ షరతు ఇక్కడ బొత్తిగా లేదు, అయినా అనుబంధం పుట్టింది. సినిమాలో ఇది దాదాపు అసాధ్యం. గేములో సాధ్యపడడానికి కారణం, మోసినది మన చేతులే కావడం. దీనిని బట్టి చూస్తే గేములో మొదటి షరతు ఒక్కటే చాలా దూరం తీసుకుపోగలదు. అయితే ఆ అనుబంధం ఒక దశ సేపు నిలుస్తుంది. ముప్పై గంటల కథను పెట్టె మోయలేదు.

2013లో వచ్చిన రెండు గేములు ఈ చిక్కును రెండు రకాలుగా విప్పడానికి ప్రయత్నించాయి. ‘బయోషాక్ ఇన్ఫినిట్’లో ఆటగాడి వెంట ఉండే ఎలిజబెత్‌ను కాపాడవలసిన పని లేదు, పోరులో తనను తాను చూసుకుంటుందని గేమే ముందుగా చెప్పేస్తుంది. పైగా తూటాలు అయిపోతున్నప్పుడు ఆమె పిలిచి తూటాలు విసురుతుంది, అందుకోవడానికి బటన్ నొక్కగానే ఆటగాడి చూపు ఆమె వైపు తిరుగుతుంది. ఇది చిన్న ఏర్పాటే గానీ పోరు మధ్యలో ఆమె ముఖం చూపించడానికి ఇంతకంటే మంచి ఉపాయం లేదు. తరువాత కథలో ఆమెను ఎత్తుకుపోయినప్పుడు, ఆ విసిరే చెయ్యి కూడా పోతుంది. దుఃఖం గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు, ఖాళీ తుపాకీ ఆ పని చేస్తుంది. 1997 నాటి ‘ఫైనల్ ఫాంటసీ 7’లో ఏరిత్ మరణం ఆటగాళ్లను అంతగా కుదిపేయడానికి కూడా ఇటువంటి కారణమే ఉంది. అప్పటిదాకా జట్టులో గాయాలు మాన్పుతూ వచ్చిన మనిషి, ఆటగాడు గంటల కొద్దీ శ్రమపడి బలపరచిన మనిషి, మళ్లీ ఎన్నడూ ఎంపిక జాబితాలోకి రాదు.

‘ది లాస్ట్ ఆఫ్ అస్’లో చిక్కు మరింత సున్నితమైనది. ఆటగాడు నడిపే జోయెల్, అతని వెంట ఉండే ఎల్లీ అనే అమ్మాయి శత్రువుల కంట పడకుండా పాకుతూ పోవాలి. ఎల్లీని యంత్రం నడుపుతుంది కాబట్టి ఆమె అప్పుడప్పుడూ శత్రువు ముందునుంచే పరుగెత్తి వేరే గోడ చాటుకు చేరుతుంది. ఆ శత్రువు ఆమెను చూడనట్టే ఉంటాడు. కథ ఆమె ప్రాణం లోకంలోకెల్లా విలువైనదంటుంది, నియమాలేమో ఆ సమయంలో ఆమెకు ప్రమాదమే లేదంటాయి. దీనిని లోపమని చాలామంది ఎత్తిచూపారు. నా దృష్టిలో అది సరైన లోపం. శత్రువు ఎల్లీని చూసి గోల చేసినట్లయితే, తాను చేయని తప్పుకు ఆటగాడు శిక్ష అనుభవిస్తాడు, ఆ కోపం ఎల్లీ మీదికి వెళుతుంది. ఆటగాడు అసత్యాన్ని క్షమించినంత తేలికగా అన్యాయాన్ని క్షమించడు. అయితే దీనికి కట్టే మూల్యం ఒకటుంది. ఆమెకు ముప్పు ఉన్నదన్న భావాన్ని ఇక సన్నివేశాలే మోయాలి. బహుశా అందుకే, జోయెల్ గాయపడిన తరువాత వచ్చే శీతాకాలపు భాగంలో ఆటగాడి చేతికి ఎల్లీనే ఇచ్చారు. అప్పటిదాకా ఎవరికీ కనబడని ఆ అమ్మాయి అక్కడ అందరికీ కనబడుతుంది, దెబ్బలు తింటుంది, చచ్చిపోగలదు.

మూడవ యజమానిని, అంటే ఆటగాడి సౌకర్యాన్ని, లెక్కచేయకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి మళ్లీ ఉయెదా దగ్గరికే వెళ్లాలి. 2016లో వచ్చిన ‘ది లాస్ట్ గార్డియన్’లో ట్రికో అనే భారీ జంతువు పిల్లవాడికి తోడు. అది చెప్పిన వెంటనే వినదు. ఆజ్ఞ ఇచ్చిన తరువాత ఎటో చూస్తుంది, గోక్కుంటుంది, తనకు తోచినప్పుడు దూకుతుంది. పెంపుడు జంతువు నిజంగా అలాగే ఉంటుంది కాబట్టి కొందరు విమర్శకులు దానిని అద్భుతమన్నారు. అదే కారణానికి మరికొందరు కంట్రోలర్ విసిరికొట్టాలనిపించిందన్నారు. రెండు వర్గాలూ చెప్పినది ఒకే వాస్తవం. సహాయ పాత్రకు నిజమైన సొంత ఇష్టం ఇస్తే, ఆ ఇష్టం కొన్నిసార్లు మన ఇష్టానికి ఎదురు నిలబడుతుంది. దీనిని ఎదుర్కోవడానికి ధైర్యం చాలని గేములు సొంత ఇష్టాన్ని ఒక విడి అధ్యాయంగా మార్చి అప్పజెప్పేస్తాయి. ‘మాస్ ఎఫెక్ట్ 2’ (2010)లో జట్టులోని ప్రతి ఒక్కరికీ తీరని వ్యక్తిగత సమస్య ఒకటుంటుంది, అది తీర్చితే వారి విధేయత దొరుకుతుంది, ఆ విధేయత లేనివారు చివరి దాడిలో చనిపోయే అవకాశం ఎక్కువ. ఆ చివరి దాడి ఉత్కంఠభరితమైనది, ఎవరిని ఏ పనికి పంపాలన్న నిర్ణయం నిజంగా బరువైనది. కానీ అక్కడికి చేరేలోపు అందరి గుండెకోతలూ వరుసగా టిక్కు పెట్టుకుంటూ పోయే జాబితాలా తయారవుతాయి.

కథలో ఉంటూ కథ బయట మాట్లాడేవారు

గేముల్లో సహాయ పాత్రల మీద పడే మరో బరువు, ఆటగాడికి దారి చూపడం. 1998 నాటి ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఆకరినా ఆఫ్ టైమ్’లో నావి అనే చిన్న దేవత వినమని పదే పదే పిలిచే పిలుపు ఇప్పటికీ హాస్యానికి వస్తువు. 2022లో ‘గాడ్ ఆఫ్ వార్: రాగ్నరాక్’ మీద ఇదే ఫిర్యాదు వచ్చింది. చిక్కుముడి ముందు ఆటగాడు ఒక్క నిమిషం ఆలోచించేలోపే పక్కనున్నవారు జవాబు చెప్పేస్తున్నారని విసుక్కున్నారు. ఇక్కడ గొంతు పాత్రది, మాట మాత్రం నిర్మాతది. ఆ అతుకు కనబడిన మరుక్షణం పాత్ర మాయమై, సలహాల పుస్తకం మిగులుతుంది.

ఈ ద్విపాత్రను మన కూచిపూడి వారు చాలాకాలం క్రితమే పరిష్కరించారు. భామాకలాపంలో సత్యభామకు చెలికత్తె మాధవి. ఆ మాధవి వేషం కట్టేది సూత్రధారుడే, అంటే ప్రదర్శనను నడిపించే మనిషే. ప్రేక్షకులకు తెలియవలసిన విషయాలన్నీ మాధవి ప్రశ్నలుగా వస్తాయి. నువ్వెవరు, నీ మగడెవరు, ఆయన పేరేమిటి అని ఆమె అడుగుతుంది, పేరు చెప్పడానికి భామ సిగ్గుపడుతుంది, ఆ సిగ్గులోంచి అభినయానికి తావు దొరుకుతుంది. ఇదంతా సమాచారం అందించే యంత్రాంగమే. అయినా అది యంత్రాంగంగా తోచదు, ఎందుకంటే మాధవికి భామను ఆటపట్టించే హక్కు ఉంది, తన లాభం తాను చూసుకునే గడుసుతనం ఉంది. కృష్ణుడికి లేఖ తీసుకుపోవాలంటే భామ ముక్కుపుడక ఇమ్మంటుంది. దారి చూపే పాత్రకు బేరం తెలిసి ఉండడంలో ఎంత ప్రయోజనం ఉందో గేము రచయితలు గమనించదగినది. అడిగినదానికల్లా వెంటనే జవాబిచ్చే తోడుకంటే, జవాబుకు ఏదో ఒకటి ఆశించే తోడు ఎక్కువ మనిషిలా కనిపిస్తుంది.

కొన్నిసార్లు మనిషితనం పొరపాటున కూడా వస్తుంది. ‘స్కైరిమ్’ (2011)లో లిడియా అనే అనుచరి ఆటగాడి సామాను మోస్తుంది. మీ బరువులు మోస్తానని ప్రమాణం చేశానని ఆమె అనే మాటలో ఒక విసుగు ధ్వనిస్తుంది, ఆపైన ఇరుకు గుమ్మాల్లో అడ్డంగా నిలబడి కదలదు. ఆ విసుగూ ఆ అడ్డంకీ కలిసి, ఎంతో శ్రద్ధగా రాసిన పాత్రలకు కూడా దక్కని ఆదరణను ఆమెకు తెచ్చిపెట్టాయి. ఇలాంటి చిన్న మాటలే గేముల్లో సహాయ పాత్రకు ఊపిరి. తెలుగు ఆటగాళ్లకు నష్టం కలిగేది కూడా ఇక్కడే. పెద్ద గేముల్లో తెలుగు సంభాషణ దొరకడం లేదు కనుక, పోరు మధ్యలో పక్కవాడు గొణిగే ఇంగ్లీషు వ్యంగ్యం చాలామందికి శబ్దంగానే మిగిలిపోతుంది. కథ సన్నివేశాల్లో చెప్పిన సంగతులు మాత్రం చేరుతాయి.

ఇటీవల ఈ రంగంలో ఎక్కువగా వినబడుతున్నది, కృత్రిమ మేధ సాయంతో అప్పటికప్పుడు మాట్లాడే పాత్రల గురించి. 2023లో కంప్యూటర్ చిప్పులు తయారుచేసే ఎన్విడియా సంస్థ ఒక నూడుల్స్ దుకాణదారుడి పాత్రను ప్రదర్శించింది. ఆటగాడు మైకులో ఏమి అడిగినా ఆ దుకాణదారుడు సందర్భానికి తగినట్టు జవాబిస్తాడు, తన వీధిలో నేరాలు పెరిగాయని చెప్పుకుంటాడు, కారకుడెవరో కూడా చెబుతాడు. సాంకేతికంగా అది చిన్న విషయం కాదు. కానీ సహాయ పాత్రలకు ఇన్నాళ్లుగా ఉన్న సమస్య మాటల కొరత కాదు. 1980 నాటి ‘ప్యాక్‌మ్యాన్’లో నాలుగు దయ్యాలకు ఒక్క మాట కూడా లేదు. ఎర్రది వెంటబడుతుంది, గులాబీ రంగుది కొంచెం ముందుకు వెళ్లి దారికాస్తుంది, నారింజ రంగుది దగ్గరికి వచ్చి కూడా తన మూలకు పారిపోతుంది. ఆడేవారు రెండు మూడు ఆటల్లోనే వాటికి స్వభావాలు అంటగట్టేస్తారు. ఆ దుకాణదారుడికి కూడా అటువంటి నిర్ణయాలు ఎవరో ఒకరు చేసిపెట్టాలి. తన వీధి రౌడీకి అతను ఎంత బాకీ ఉన్నాడు, అపరిచితుడికి ఆ పేరు చెబితే రేపు దుకాణం తెరవగలడా, ఏ ప్రశ్న అడిగితే వినబడనట్టు గిన్నెలు కడగడానికి లోపలికి వెళ్లిపోతాడు అన్నవి తేలకుండా అతను ఎన్ని గంటలు మాట్లాడినా ఆ వీధిలో దుకాణం నడుపుకునే మనిషిగా నమ్మడం కష్టం. ఆ ప్రదర్శనలో అతను అడిగీ అడగగానే అన్నీ చెప్పేశాడు.